‘టెండర్ మెర్సీస్’ చిత్రకథ: చూపించని సన్నివేశాలే మోసిన మార్పు

ఇతరులు రాసిన సినిమా కథలను వన్‌లైన్ ఆర్డర్ (సన్నివేశానికో వాక్యం చొప్పున రాసే వరుస) దశలోనో, బౌండ్ స్క్రిప్ట్ (మాటలతో సహా పూర్తయిన ప్రతి) దశలోనో చదివి, ఎక్కడ పట్టు సడలిందో, ఎందుకు సడలిందో చెప్పి, అవసరమైతే రచయితతో కూర్చుని తిరగరాయించడం నా వృత్తి. ఈ పనిలో నాకు పదే పదే ఎదురయ్యే కథ ఒకటుంది. ఒకప్పుడు వెలిగిన కళాకారుడు తాగుడు వల్ల, నోటి దురుసు వల్ల పేరునూ కుటుంబాన్నీ పోగొట్టుకుంటాడు. తర్వాత ఎవరో ఒకరి ఆదరణతో మళ్ళీ మనిషవుతాడు. పతనం రాయడానికి ఎవరూ పెద్దగా ఇబ్బంది పడరు. సెకండాఫ్‌లో అతను మారాడని రచయిత చెబుతాడు గాని, చదివేవారికి ఆ మార్పు కనబడదు. నేను చూసిన ప్రతుల్లో చాలా వాటికి దెబ్బ తగిలింది అక్కడే.

నా చేతిలో ఉన్న ఒక కథ సరిగ్గా ఇదే చోట ఆగిపోయినప్పుడు, 1983లో విడుదలైన అమెరికన్ చిత్రం ‘టెండర్ మెర్సీస్’ను ముందు పెట్టుకుని సన్నివేశం తర్వాత సన్నివేశంగా విప్పి చూశాను. ఏ సన్నివేశం ఎంతసేపు నడిచింది, అందులో ఏమి జరిగింది, ఏమి జరగకుండా వదిలేశారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వెళ్ళాను. కొంతదూరం వెళ్ళేసరికి ‘వదిలేసినవి’ అన్న గడి ‘జరిగినవి’ అన్న గడి కంటే పెద్దదైంది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ గడి గురించే.

కథ, దాని పుట్టుక

స్క్రీన్‌ప్లే రాసింది హార్టన్ ఫుట్. ఆయన 1916లో టెక్సస్ రాష్ట్రంలోని వార్టన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలకు ఆయన రాసిన చిత్రానువాదానికి అంతకుముందే ఆస్కార్ వచ్చింది. 1962 నాటి ఆ చిత్రంలోనే రాబర్ట్ డువాల్ మొదటిసారి వెండితెర మీద కనిపించారు. రెండు దశాబ్దాల తర్వాత అదే డువాల్ ‘టెండర్ మెర్సీస్’లో మాక్ స్లెడ్జ్ అనే పతనమైన కంట్రీ (అమెరికా పల్లెపట్టుల సంగీతం) గాయకుడయ్యారు. దర్శకుడు బ్రూస్ బెరెస్‌ఫర్డ్ ఆస్ట్రేలియా వాడు. ఛాయాగ్రాహకుడు రసెల్ బాయిడ్ కూడా ఆ దేశస్థుడే.

కథ పుట్టిన తీరు నాకు చాలా ఉపయోగపడింది. ఫుట్ మేనల్లుడొకరు కంట్రీ బ్యాండులో వాయించేవారు. ఆ కుర్రవాళ్ళు నిలదొక్కుకోవడానికి పడే పాట్లే మొదట ఆయన మనసులో ఉన్న వస్తువు. రాస్తూ పోయేకొద్దీ అంచున ఉండవలసిన ముసలి గాయకుడు నడిమికి వచ్చాడు, కుర్రవాళ్ళ బ్యాండు అంచుకు జరిగింది. పూర్తయిన చిత్రంలో కూడా ఆ కుర్రవాళ్ళు కనిపిస్తారు. మాక్‌ను వెతుక్కుంటూ వచ్చి, ఆయన పాట అడుగుతారు. రచయిత తన కథకు అసలు మనిషి ఎవరో ఆలస్యంగా గుర్తించి, మొదటి ఆలోచనను పారేయకుండా పక్క పాత్రగా దాచుకున్న ఉదాహరణ ఇది. కథా చర్చల్లో ఏ సూచన వచ్చినా పాత ప్రతిని చించివేసే అలవాటున్న మనకు ఇందులో నేర్చుకోదగ్గది ఉంది.

స్థూలంగా కథ ఇది. టెక్సస్‌లో చుట్టూ ఖాళీ నేల తప్ప ఏమీ లేని రోడ్డు పక్కన ఒక మోటెల్, దానికి ఆనుకుని పెట్రోలు బంకు. వాటిని నడిపేది రోసా లీ. భర్త వియత్నాం యుద్ధంలో పోయాడు. సన్నీ అనే చిన్న కొడుకున్నాడు. ఒక రాత్రి ఆ మోటెల్ గదిలో ఇద్దరు మగవాళ్ళు సీసా కోసం కొట్టుకుంటారు. తెల్లవారేసరికి ఒకడు వెళ్ళిపోయి ఉంటాడు. రెండోవాడు, అంటే మాక్, నేల మీద లేస్తాడు. గది అద్దె కట్టడానికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. బాకీ తీరేదాకా పని చేస్తానంటాడు. ఆమె గది, భోజనం, గంటకు రెండు డాలర్ల కూలి ఇస్తానంటుంది. పనిలో ఉండగా తాగకూడదన్నది ఒక్కటే షరతు. అక్కడి నుంచి అతను ఆ ఇంటి మనిషవుతాడు, ఆమెను పెళ్ళాడతాడు, మళ్ళీ పాట కడతాడు. ఏళ్ళ తరబడి చూడని కూతురు స్యూ యాన్ అతన్ని వెతుక్కుంటూ వస్తుంది, తర్వాత కారు ప్రమాదంలో చనిపోతుంది.

వదిలేసిన గడిలో ఉన్నవి

మాక్ తాగుడు మానాలని నిర్ణయించుకున్న సన్నివేశం చిత్రంలో లేదు. మన దగ్గర అది ఇంటర్వెల్ బ్యాంగ్ అయ్యుండేది. సీసా పగలడం, అద్దంలో తన ముఖం తానే చూసుకోవడం, దేవుడి పటం ముందు ఒట్టు వేయడం వంటివేవీ ఇక్కడ కనబడవు. బాకీ కింద పనికి కుదిరాడు, పనిలో తాగవద్దన్నారు, తాగలేదు, మర్నాడు మళ్ళీ పనికి లేచాడు. తెర మీద మనకు కనిపించేది అతను పెట్రోలు కొట్టడం, మరమ్మతులు చేయడం, భోజనానికి ఆ తల్లీకొడుకుల సరసన కూర్చోవడం. మార్పును సంఘటనగా కాక కూలి దినాలుగా లెక్కగట్టాడు రచయిత. గంటకు రెండు డాలర్లన్న అంకెను అంత మామూలుగా చెప్పించడంలోనే ఈ చిత్రం స్వభావం తెలిసిపోతుంది.

పెళ్ళి కూడా తెర మీద లేదు. పెళ్ళి ప్రస్తావన మాత్రం ఉంది. చిత్రం మొదలైన కొద్దిసేపటికే కూరగాయల తోటలో పని చేసుకుంటూ మాక్ ఆమెను అడుగుతాడు. తన మనసులో ఏముందో గుడ్డివాడికైనా తెలిసే ఉంటుందని అని, నన్ను పెళ్ళాడే సంగతి ఆలోచిస్తావా అంటాడు. ఆమె ఆలోచిస్తానంటుంది. కాసేపటికి వచ్చే సన్నివేశాల్లో వాళ్ళు భార్యాభర్తలుగానే కనిపిస్తారు. ప్రేమ ఎప్పుడు మొదలైంది, ఆమె ఎప్పుడు ఒప్పుకుంది, చర్చిలో పెళ్ళి ఎలా జరిగింది అన్నవన్నీ రెండు షాట్ల మధ్య సందులో జరిగిపోయాయి.

ఈ వదిలివేత పొదుపు కోసం చేసింది కాదని నా అభిప్రాయం. తాగుడు మానిన మనిషి ఉన్న ఇంట్లో మనుషులు ఎలా మసలుతారో దగ్గరగా చూసినవారికి తెలుసు. అతను మానేశాడన్న మాట ఎవరూ గట్టిగా అనరు. అంటే ఎక్కడ చెదిరిపోతుందోనని భయం. రోసా లీ సంతోషాన్ని ప్రకటించదు, కెమెరా కూడా ప్రకటించదు. చూసేవాడు కూడా ఆ ఇంట్లో మనిషిలాగే ఊపిరి బిగబట్టి రోజులు లెక్కపెడతాడు. సినిమా గొంతూ ఇంటి గొంతూ ఒకటైపోయిన చోటు అది.

అతను మళ్ళీ జారబోయిన రాత్రి ఇందుకు మంచి రుజువు. పెద్ద గాయని అయిన మాజీ భార్య డిక్సీ అతన్ని తన కచేరీ దగ్గర అవమానిస్తుంది, కూతురి దరికి రానివ్వనంటుంది. అతను రాసిన పాట పనికిరాదన్న మాట ఆమె మేనేజరు నోట వస్తుంది. మాక్ ట్రక్కు వేసుకుని కోపంగా వెళ్ళిపోతాడు. రోసా లీ ఇంట్లో మేలుకుని ఉంటుంది. రాత్రి చాలా పొద్దుపోయాక తిరిగొచ్చి, సీసా కొన్నానని, ఒక్క చుక్క ముట్టకుండా అంతా పారబోశానని చెబుతాడు. ఆ గెలుపు మనకు అతని మాటల్లోనే తెలుస్తుంది, రోసా లీకి తెలిసినట్టుగానే. అతన్ని నమ్మాలా వద్దా అన్న పరీక్ష ఆమెతోపాటు మనకూ పెట్టాడు ఫుట్. సీసా పారబోసే దృశ్యం చూపించి ఉంటే మనం సాక్షులం అయ్యేవాళ్ళం. చూపకపోవడం వల్ల నమ్మవలసినవాళ్ళం అయ్యాం. ఈ తేడాను నేను పట్టుకోవడానికి నాలుగైదుసార్లు చూడవలసి వచ్చింది.

నాలుగు మాటల సన్నివేశాలు

ఊళ్ళో దుకాణం బయట ఒక ఆవిడ అతన్ని గుర్తుపట్టి పలకరించే చిన్న సన్నివేశం ఒకటుంది. ఆవిడ ప్రశ్న భూతకాలంలో ఉంటుంది: ఒకప్పుడు మీరు మాక్ స్లెడ్జ్‌గా ఉండేవారటగా అన్నట్టు. అతను కూడా భూతకాలంలోనే మర్యాదగా జవాబిస్తాడు, అవునమ్మా, ఉండేవాణ్ణనుకుంటాను అన్న ధోరణిలో. అంతే, ట్రక్కెక్కి వెళ్ళిపోతాడు. బతికున్న మనిషి తన పేరుకు గతంలో ఉన్న క్రియను జోడించుకుని, దానికి నొచ్చుకోకుండా నవ్వగలగడం. అతనిలో వచ్చిన మార్పు ఎంతటిదో కొలిచి చెప్పిన సన్నివేశం నా లెక్కలో ఇదే. మరొకరు రాస్తే ఇక్కడ అతని కళ్ళు చెమర్చేవి, వెనక పాత పాట సన్నగా వినబడేది.

స్యూ యాన్ వచ్చినప్పటి సన్నివేశం ఇంకా లోతైనది. చిన్నప్పుడు మీరు నాకు పావురం గురించిన ఒక పాట పాడేవారు, జ్ఞాపకముందా అని అడుగుతుంది. జ్ఞాపకం లేదంటాడు. ఆమె వెళ్ళిపోయాక కిటికీ దగ్గర నిలబడి, బయటికి చూస్తూ, ఆ పాటే పాడుకుంటాడు. ఎందుకు దాచాడో ఎవరూ వివరించరు. తండ్రిగా ఆ పాట మీద తనకు హక్కు పోయిందనుకున్నాడా, పాడితే గొంతు పూడుకుపోతుందని భయపడ్డాడా, చెప్పలేం. వృత్తిరీత్యా నాకు ముఖ్యమైనది ఇది: గాయకుడి కథలో అన్నిటికంటే విలువైన పాటను వినవలసిన మనిషి వెళ్ళిపోయాక, ఎవరూ లేని గదిలో పాడించాడు రచయిత. ఆ కూతురు మళ్ళీ దాన్ని వినలేదు, ఇక వినే అవకాశమూ లేదు.

బాప్తిస్మం సన్నివేశాన్ని కూడా చెప్పుకోవాలి. మాక్, సన్నీ ఇద్దరూ ఒకే రోజు చర్చిలో బాప్తిస్మం తీసుకుంటారు. తిరుగు ప్రయాణంలో, ట్రక్కులో, కుర్రవాడు అద్దంలో తన ముఖం చూసుకుంటాడు. కొత్త మనిషివైపోతావని అందరూ అన్నారని, తనకు కాస్త తేడాగా ఉందే గాని మరీ ఎక్కువేమీ లేదని అంటాడు. నీకెలా ఉందని అడిగితే మాక్, ఇంకా ఏమీ లేదంటాడు. విముక్తి కథలో మతసంస్కారం సహజంగా శిఖర సన్నివేశం అవుతుంది. ఆ శిఖరాన్ని ఎక్కించి, దిగి వచ్చే దారిలో దాన్ని పసివాడి నోట తూకం వేయించాడు ఫుట్. అయినా విశ్వాసాన్ని చిన్నబుచ్చలేదు. ‘ఇంకా’ అన్న చిన్న మాటలో ఎదురుచూపు ఉంది. చిత్రం పేరు కూడా కీర్తనల గ్రంథంలోని మాటే. తెలుగు బైబిలులో దానికి కరుణాతిశయం అన్న మాట వాడారు. రోసా లీ రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేది ఆ చిన్న చిన్న కరుణలకే.

తోటలో ఒక్క షాట్

కూతురు పోయాక మాక్ మళ్ళీ ఆ కూరగాయల తోటలోనే పార పట్టుకుని నేల తవ్వుతూ ఉంటాడు. రోసా లీ దగ్గరికి వస్తుంది. ఒకప్పుడు తాగి కారు నడిపి రోడ్డు దిగి బోల్తా కొట్టానని, చచ్చాడనుకుని బయటికి లాగారని, తను బతికాడని చెబుతాడు. తను ఎందుకు బతికాడు, కూతురు ఎందుకు పోయింది అని రాత్రి ప్రార్థించానని, జవాబు రాలేదని అంటాడు. సంతోషాన్ని తానెన్నడూ నమ్మలేదని, ఇక ముందు కూడా నమ్మలేనని అంటాడు. ఆమె ఓదార్చదు. జవాబు తెలిసినట్టు నటించదు.

ఈ సన్నివేశాన్ని బెరెస్‌ఫర్డ్ దూరం నుంచి, ఒకే నిడివైన టేకులో, వెనక టెక్సస్ నేల అంతా కనబడేటట్టు తీశారు. రషెస్ (ఎడిటింగుకు ముందటి ముడి చిత్రీకరణ) చూసిన స్టూడియో పెద్దలు క్లోజప్పులు కావాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నటుడి ఏకధాటి అభినయం తెగకూడదన్నది ఒక కారణం, ఆ ఒంటరి నేల ఫ్రేములో ఉండాలన్నది మరొకటి. చిత్రీకరణకు కూడా ఆయన వాక్సహాచీ, పామర్ ప్రాంతాల్లో అందమైన పాత భవనాలను తప్పించి, బోసిగా ఉన్న చోట్లనే ఎంచుకున్నారు. మనిషి ముఖం చూపకుండా దుఃఖం చెప్పవచ్చా అన్న ప్రశ్నకు ఈ షాట్‌లో నాకు దొరికిన సమాధానం ఏమిటంటే, అంతకుముందు గంటకు పైగా ఆ మనిషి పని చేయడం మనకు చూపించి ఉంటే చెప్పవచ్చు. పార ఆగకుండా కదలడంలోనే ఆ దుఃఖమంతా ఉంది. పెళ్ళి అడిగింది కూడా ఆ తోటలోనే కాబట్టి, సంతోషమూ దాని మీద అపనమ్మకమూ ఒకే మట్టిలోంచి వచ్చినట్టుంటాయి.

నటుడి వైపు నుంచి జరిగిన తయారీ లేకపోతే ఈ పద్ధతి నిలబడేది కాదు. డువాల్ టెక్సస్‌లో వందల మైళ్ళు తిరిగి అక్కడి మాట తీరును పట్టుకున్నారు, స్థానిక బ్యాండులతో కలిసి పాడారు. చిత్రంలో మాక్ పాటలన్నీ స్వయంగా పాడారు. పాత్ర ఒప్పుకునేటప్పుడే అది షరతుగా పెట్టుకున్నారు. రెండు పాటలు ఆయనే రాశారు. అరువు గొంతుతో పాడించి ఉంటే కిటికీ దగ్గర పాడుకున్న ఆ నాలుగు చరణాలకు విలువ ఉండేది కాదు. 1984లో ఉత్తమ నటుడు, ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లే ఆస్కార్లు ఈ చిత్రానికి వచ్చాయి. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, పాట విభాగాల్లోనూ నామినేషన్లు దక్కాయి. పంపిణీ సంస్థ పెద్దగా ప్రచారం చేయని చిన్న చిత్రానికి అది తక్కువ సంగతి కాదు.

లోపాలు లేవనను. స్యూ యాన్ మరణం కథ లోపలి నుంచి రాలేదు. రచయిత చెయ్యి పైనుంచి దిగినట్టు కనిపిస్తుంది. డిక్సీ పాత్రకు కోపం, ఏడుపు తప్ప మూడో రంగు లేదు. ఆమె చెప్పే పాత గాయాలు నిజమైనవే అయినా, మాక్ తాగి ఇంట్లో ఏమి చేసేవాడో మనం చూడలేదు గనుక ఆమె వైపు న్యాయం పలచబడింది. వదిలివేత అనే పద్ధతికి పడిన మూల్యం ఇది. ఎవరి బాధను తెర వెనక్కి నెట్టామన్నది కూడా రచయిత లెక్క చూసుకోవాలి.

నా చేతిలోని కథ

నా దగ్గర ఆగిపోయిన కథలో నాయకుడు పద్యనాటక నటుడు. కృష్ణ వేషానికి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పేరు మోసి, తాగుడు వల్ల పరిషత్తుల పిలుపులు పోగొట్టుకున్నవాడు. మొదటి ప్రతిలో ఇంటర్వెల్ దగ్గర అతను రంగస్థలం మీదే సీసా పగలగొడతాడు. తర్వాత నాలుగు నిమిషాల మాంటేజ్ పాట (మార్పునంతా చిన్న చిన్న దృశ్యాల్లో చుట్టేసే పాట), చివర తిరునాళ్ళలో రాయబారం పద్యానికి వన్స్‌మోర్లు. మేము కథ వినిపించినప్పుడు విన్న నిర్మాత ఒకరు, అతను మారాడని మీరు చెబుతున్నారు గాని నాకు కనబడలేదు అన్నారు. ఆ రోజు నేను నొచ్చుకుని వాదించాను. తప్పు నాదేనని ఈ చిత్రాన్ని విప్పి చూశాకే ఒప్పుకోగలిగాను.

రచయిత, నేను కలిసి తిరగరాసినప్పుడు నాయకుణ్ణి తెనాలి దగ్గర ఒక షామియానా సప్లై కొట్టులో రోజుకూలీకి పెట్టాం. నాటకాలు ఆడే ఊళ్ళకు కుర్చీలు, సౌండు బాక్సులు తోలుకుపోయి, తెల్లవారుజామున ఆట అయిపోయాక కుర్చీలు పది పదిగా పేర్చి లెక్క చూసుకోవడం అతని పని. రెండు కుర్చీలు తగ్గితే కూలిలో కోత పడుతుంది. సీసా పగలగొట్టే సన్నివేశాన్ని తీసేశాం. మాంటేజ్ పాటనూ తీసేశాం. పుట్టింటికి వెళ్ళిన భార్య తిరిగొచ్చే సన్నివేశం కూడా మొదట పూర్తిగా తీసేశాం.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. తీసివేతలో ఉన్న ఆనందానికి లోబడి మేము మరీ ఎక్కువ కోశాం. చదివిన దర్శకుడికి భార్య ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో అర్థం కాలేదు. మళ్ళీ ఆ చిత్రాన్ని చూస్తే కారణం తెలిసింది. ఫుట్ ఏ సంఘటనను వదిలేసినా, దాని తర్వాతి సన్నివేశంలో ఆ సంఘటన తాలూకు జాడ ఒకటి కచ్చితంగా వదిలాడు. తోటలో అడిగాడు గనుక, ఆ తర్వాత ఒకే బల్ల దగ్గర కూర్చున్న తీరులోనే పెళ్ళి అయిందని తెలుస్తుంది. మేము సంఘటనతోపాటు జాడను కూడా కోసేశాం.

సరిచేసిన ప్రతిలో కుర్చీల లెక్క తర్వాత అతను తెల్లారి ఇంటికి వస్తాడు. వాకిలి కడిగి ముగ్గు వేసి ఉంటుంది. కుండ దగ్గర రెండు కంచాలు బోర్లించి ఉంటాయి. అతను చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళకుండా, అరుగు మీద కాసేపు కూర్చుంటాడు. లోపలి నుంచి, కుర్చీలు సరిపోయినాయా అని గొంతు వినబడుతుంది. రెండు తగ్గినాయి అంటాడు. సన్నివేశం అక్కడితో అయిపోతుంది. ఇంకా సినిమాగా మొదలుకాని ఆ ప్రతిలో, కథ విన్న ప్రతివారూ మళ్ళీ చదవమని అడిగేది ఆ పేజీనే.